రోజుకి ఇంకో ఆట

గర్బిస్ ముందు బూట్లు చూస్తాడు, తర్వాతే మొహం. బూట్లు అరిగినవాడు ఉచితం అనగానే ఆగుతాడు. తళతళలాడే బూట్లవాడు ఆగడు, ఆగినా సినిమా సగంలో లేచిపోతాడు. గ్లెండేల్ మాల్‌లో కదిలే మెట్ల పక్కన నిలబడి ఇన్నేళ్ళలో అతను నేర్చుకున్న విద్య ఇదే. గూని పడుతున్న పొడుగు మనిషి. మీసానికి నల్లరంగు, మెడలో పేరు బిళ్ళ, చొక్కా జేబు నిండా పొట్టి పెన్సిళ్ళు.

"ఊరికే సినిమా చూస్తారా బాబూ? ఇంకా ఎవరూ చూడనిది. జూలైలో వచ్చేది."

మామూలుగా ఈ మాట పాటలా వచ్చేస్తుంది. ఇవాళ మధ్యలో మాటలు మరిచిపోతున్నాడు. కాలు కాలిన పిల్లిలా మెట్ల దగ్గర్నుంచి చెప్పుల కొట్టుదాకా, చెప్పుల కొట్టు నుంచి మెట్లదాకా తిరుగుతున్నాడు. తిరుగుతున్నంతసేపూ చొక్కా గుండీని మెలితిప్పుతూనే ఉన్నాడు.

వేసవి సినిమా అంటే స్టూడియోలకి జూదమే. దీనిమీద ఇరవై కోట్ల డాలర్లు పెట్టారట. సముద్రంలోంచి లేచి ఊరిని నమిలేసే జంతువు ఒక్కటే అందులో సగం మింగిందని చెప్పుకుంటున్నారు. అంత డబ్బు పోసినవాళ్ళకి నిద్ర పట్టదు కదా. అందుకని విడుదలకి ముందు దారినపోయే నాలుగొందల మందిని పిలిచి చూపిస్తారు, నచ్చిందీ నచ్చనిదీ రాయమంటారు. ఆ నాలుగొందల మందిని పోగుచేయడం గర్బిస్ ఉద్యోగం. ఎవరు కావాలో పైవాళ్ళు ముందే చెబుతారు. ఈసారి పాతికేళ్ళలోపు కుర్రాళ్ళు. మొదటి శుక్రవారం ఎగబడేదీ, చూసిందే మళ్ళీ చూసేదీ వాళ్ళే. ముసలివాళ్ళు కూరలో ఉప్పులా కాస్త ఉంటే చాలు.

కానీ పొద్దుటినుంచీ గర్బిస్ ముసలమ్మల వెంటే పడుతున్నాడు. బెంచీల మీద కూర్చుని కాళ్ళు నొక్కుకుంటున్నవాళ్ళకీ, మనవళ్ళ బట్టలు బేరం చేస్తున్నవాళ్ళకీ బతిమాలి మరీ చీటీలు ఇచ్చాడు. పైనుంచి అజమాయిషీకి వచ్చిన ట్రేసీ, వయసులో అతనికి సగం ఉండే పిల్ల, నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది.

"ఏంటి గర్బిస్, వృద్ధాశ్రమం బస్సేమైనా దింపావా?"

"కుర్రాళ్ళు దొరకట్లేదమ్మా. ఎండ కదా, అందరూ బీచికి పోయారు."

ఈ ఉద్యోగంలో అతనాడిన మొదటి అబద్ధం అది. చెవులు వేడెక్కాయి. కానీ చీటీలు పంచడం మానలేదు.

కారణం అర్పినె. అతని భార్య. బీరుట్ నుంచి వచ్చినప్పటినుంచీ గుంపు వేషాలు వేస్తూనే ఉంది. బస్టాపులో నిలబడేది, శ్మశానంలో నాలుగో వరసలో ఏడ్చేది, బాంబు పేలితే పరుగెత్తేది. ఎప్పుడూ వీపే కనబడేది. "ఈ ఊళ్ళో నీ వీపు తెలియని దర్శకుడు లేడే" అని గర్బిస్ ఏడిపిస్తే, "నీ మొహం తెలిసినవాడు ఎవడున్నాడయ్యా?" అని అంటించేది. వీపు చూపిస్తూనే ముప్పై ఏళ్ళు నెట్టుకొచ్చింది.

ఈ సినిమాలో మొదటిసారి ఆమె మొహం కనబడుతుంది. మాట వినబడుతుంది. జంతువు ఊరిమీద పడుతోంది, జనం పారిపోతున్నారు. ఒక కుట్టుపని కొట్లో ముసలమ్మ మాత్రం కదలకుండా పెళ్ళి గౌను అంచు కుడుతూ ఉంటుంది. అగ్నిమాపక దళం కుర్రాడు వచ్చి పదమంటాడు. ఆమె తలెత్తి నాలుగు ముక్కలు చెబుతుంది. చేతికి కట్టుకునే పిన్నుల దిండు స్టూడియోవాళ్ళు ఇస్తే, "ఇది మరీ కొత్తగా ఉంది, ఎవరు నమ్ముతారు?" అని ఇంట్లోంచి తన ఎర్రదిండే పట్టుకెళ్ళింది. ఆ వేషం వేసొచ్చిన నెలకి ఊపిరితిత్తుల జబ్బు బయటపడింది. వేసవి దాకా ఉంటుందని డాక్టరు అనలేదు. అనకపోవడంతోనే ఇద్దరికీ అర్థమైంది.

జూలై దాకా ఆగే తీరిక ఆమెకి లేదు. అందుకే గర్బిస్ తెగించాడు. సినిమాలో చేసినవాళ్ళు ఈ ఆటకి రాకూడదు, తెలిస్తే ఉద్యోగం ఊడుతుంది. అయినా మధ్యాహ్నం తలకి రుమాలు కట్టించి, చీటీలో గృహిణి అని రాసి, చిట్టచివరి వరసలో కూర్చోబెట్టాడు. ఆ రుమాలులో ఆమె మొహం పిడికెడయింది. చేతికి మాత్రం ఎర్రదిండు కట్టుకొచ్చింది.

"అదెందుకే? ఎవరైనా గుర్తుపడితే?"

"పడనీ. ఒక్కసారైనా ఎవడో ఒకడు గుర్తుపట్టి చావనీ."

రెండింటికి ఆట మొదలైంది. గర్బిస్ తలుపు దగ్గర గోడకి ఆనుకుని నిలబడ్డాడు. జంతువు అరుపులకి గోడ అదురుతోంది. ముందురోజుల్లో చీటీలు పట్టుకెళ్ళిన కుర్రాళ్ళు ఈలలు వేస్తున్నారు. ఇలాంటి మూకకి కుట్టుపని ముసలమ్మ ఎక్కడ నచ్చుతుంది? నచ్చలేదని రాస్తే ఆ ముక్క కోసేస్తారు. ఆమె రాగానే నవ్వితే ఏం చెయ్యాలి? మీసం కొస నోట్లో పెట్టుకుని నములుతున్నాడు.

తెరమీద కొట్టు కనబడింది. కిటికీ అద్దాలు గలగలమంటున్నాయి. పళ్ళమధ్య పిన్నులతో అర్పినె.

"వస్తాలే నాయనా. ఈ అంచు ఇంకాస్తే ఉంది. పిల్ల పెళ్ళి రేపు."

హాల్లో నవ్వారు. కానీ వెక్కిరింపు నవ్వు కాదు. కుర్రాడు బయట కుప్పకూలుతున్న వీధికేసి చూసి, గౌను చివర ఎత్తి పట్టుకుంటాడు. ఆమె చివరి ముడి వేస్తుంది. హాలంతా నిశ్శబ్దమైపోయింది. టోపీ తిరగేసి పెట్టుకున్న ఒక కుర్రాడు మోచేత్తో కళ్ళు తుడుచుకోవడం గర్బిస్ చూశాడు. వాణ్ణి వెళ్ళి కావలించుకోవాలనిపించింది.

ఆట అయ్యాక కాగితాలు పోగుచేస్తూ ఆగలేక చదివేశాడు. ఎక్కువ నచ్చింది ఏది అన్నచోట కుట్టుపని అవ్వ, గౌను ముసలమ్మ, పిన్నులావిడ అని వంకరటింకర రాతల్లో ఎందరు రాశారో! వాళ్ళలో ఎక్కువమంది అతను భయపడ్డ కుర్రాళ్ళే. పొద్దుటినుంచీ ముసలమ్మల వెంట తిరిగిందంతా వృథాశ్రమ. ఆ సంతోషంలో పెన్సిళ్ళు కిందపడి దొర్లిపోతే, వాటికోసం నవ్వుకుంటూ మోకాళ్ళమీద పాకాడు.

కాగితాలు ఇవ్వడానికి వరండాలోకి వెళ్ళేసరికి స్టూడియో తరఫున వచ్చిన కెల్లర్ శీతల పానీయాల కౌంటరు దగ్గర ట్రేసీతో మాట్లాడుతున్నాడు.

"కుట్టుపని సీను తీసేస్తున్నాం."

స్టూడియోవాళ్ళతో ఏనాడూ పెదవి విప్పని గర్బిస్ నోరు తెరిచాడు. "అయ్యా, అందరూ అదే బాగుందని రాశారు. చూడండి."

కెల్లర్ కసురుకోలేదు. కాగితాలు నెమ్మదిగా తిప్పాడు. "తెలుసు పెద్దాయనా. నాకూ మా అమ్మ గుర్తొచ్చింది. కానీ ఆ ముక్క తీసేస్తేనే నిడివి తగ్గి హాళ్ళలో రోజుకి ఇంకో ఆట పడుతుంది. దేశమంతా అన్ని తెరలమీదా ఇంకో ఆటంటే ఎంతో ఆలోచించు. మొదటి మూడు రోజుల్లో రాని డబ్బు ఇంకెప్పుడూ రాదు."

"వేరే ఏదైనా తియ్యకూడదా?"

"జంతువుని తీస్తే టిక్కెట్లు కొంటారా?"

నచ్చకపోతే తీసేస్తారేమోనన్న భయంతో గర్బిస్ ఇన్నాళ్ళూ చచ్చాడు. నచ్చినా తీసేస్తారని ఆలోచనే రాలేదు. కాగితాలు ట్రేసీకి ఇచ్చి కారు దగ్గరికి నడిచాడు. ఏం చెప్పాలో తెలియక కారు చుట్టూ ఒకసారి తిరిగి, అప్పుడు తలుపు తీశాడు.

అర్పినె పాప్‌కార్న్ ఉప్పు వేళ్ళమీంచి నాకుతోంది. "విన్నావా గర్బిస్, ఎలా నోళ్ళు మూసుకున్నారో! నా పక్కన కూర్చున్న పిల్ల ఏడ్చింది తెలుసా?"

"విన్నానే."

తాళంచెవి తిప్పబోతే అది చేతిలోంచి జారింది. వంగి తీసుకుని మళ్ళీ జారవిడిచాడు. ఆమె అతన్నే చూస్తోంది.

"తీసేస్తారు కదూ?"

అతను అద్దం మీద లేని దుమ్ము తుడిచాడు.

"నా ముందు వరసలోనే కూర్చున్నాడు స్టూడియో ఆయన. నేను తెరమీదకి రాగానే వాచీ చూశాడు, వెళ్ళగానే మళ్ళీ చూశాడు. ముప్పై ఏళ్ళయ్యా. వాచీ చూసేవాడి బుర్రలో ఏముందో నాకు తెలీదా?" కాసేపు ఊపిరి కూడదీసుకుంది. "నాలుగొందల మంది చూశారు. నేనూ చూసుకున్నాను. ఏడవకు. నీ మీసం రంగు కారుతోంది."

అతను నవ్వబోయి ఏడ్చాడు. ఆమె చేతికున్న దిండు విప్పి, "బిగుసుకుంటోంది" అంటూ గేరు కడ్డీకి తగిలించింది. దారిలో ఆప్రికాట్లు కొనమంది. కొన్నాడు. ఒకటి సగం తిని, మిగతా సగం అతని నోట్లో పెట్టింది.

అర్పినె మే నెలాఖరున పోయింది, నిద్రలోనే.

జూలైలో మొదటి శుక్రవారం సినిమా వచ్చింది. పై అంతస్తులో టిక్కెట్ల వరస కదిలే మెట్లదాకా పాకింది. కొత్తగా పడ్డ ఆటకి కూడా హాలు నిండిందని ట్రేసీ చెప్పింది. గర్బిస్ ఊఁ అన్నాడు. సాయంత్రం దాకా బూట్లు చూస్తూ, వచ్చే ఏడాది సినిమాకి చీటీలు పంచాడు. పైకి వెళ్ళలేదు.

పని ముగించి వచ్చి కారులో కూర్చున్నాడు. గేరు కడ్డీకి ఎర్రదిండు అలాగే వేలాడుతోంది, దానికి గుచ్చిన సూదిలో జానెడు తెల్లదారం.