దగ్గరి చూపు

ఉప్పుగాలి. తడి వలల వాసన. రేవు గోడ మీద ఎండ ఇంకా పసిదిగానే ఉంది.

గోడకు ఆనుకుని ఒక ముసలాయన చిరిగిన వల బాగుచేస్తున్నాడు — కళ్ళతో కాదు, వేళ్ళతో. చిరుగు ఎక్కడుందో తడిమి తడిమి వెతుక్కుంటున్నాడు.

ఆ ఊరికి కొత్తగా వచ్చిన ఒకామె వెళ్ళి పక్కన కూర్చుంది.

ఆయన భాష ఆమెకు రాదు. ఆమె భాష ఆయనకు రాదు. సంచీలోంచి పెట్టె తీసి, పెట్టెలోంచి ఒక కళ్ళజోడు తీసి, ఆయన ముక్కు మీద పెట్టింది. ఊహూఁ. ఇంకొకటి. ఊహూఁ. మూడోది —

ముసలాయన వేళ్ళు ఆగిపోయాయి.

ముందు వలను చూశాడు. తర్వాత తన అరచేతులు చూసుకున్నాడు, అవి ఎవరివో అన్నట్టు. బుట్టతో వచ్చి పక్కన కూలబడిన భార్య ముఖంలోకి వంగి చూసి, ఏదో అన్నాడు. ఆవిడ గయ్‌మంది. రేవంతా గొల్లున నవ్వింది.

ఒక పడవవాడు సైగలతో అర్థం చెప్పాడు. "ఇంత ముసలిదానివి ఎప్పుడయ్యావే?" అన్నాడట ముసలాయన. "ఆ అద్దాలు తిరిగిచ్చెయ్!" అందట ఆవిడ.

ఆమె కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వింది.

ఈ నవ్వు కోసమే... ఐదేళ్ళుగా తిరుగుతోంది.

ముప్పై ఏళ్ళు ఆమెది కళ్ళజోళ్ళ దుకాణం. ఆమె చూపు పరీక్షించేది, భర్త అద్దాలు అరగదీసి ఫ్రేములో బిగించేవాడు. ఆయన పోయాక, అరల్లోని జోళ్ళన్నీ తననే చూస్తున్నట్టుండేది. ఒకరోజు షట్టరు దించేసింది. దగ్గరివి కనబడనివాళ్ళు పెట్టుకునే జోళ్ళన్నీ ఒక పెట్టెలో సర్దుకుంది. తనకున్న ఒక్కగానొక్క చెల్లెలితో, "నాలుగు నెలల్లో వచ్చేస్తానే" అంది.

నాలుగు నెలలు ఐదేళ్ళయింది.

కొండదారులు. ఇసుక ఊళ్ళు. మంచు ఊళ్ళు. పెట్టె ఖాళీ అయినచోట ఏదో ఒక కళ్ళజోళ్ళ దుకాణంలో వారం రోజులు పనిచేసి, కూలికి బదులు జోళ్ళు పుచ్చుకుని, మళ్ళీ రోడ్డెక్కేది.

గడియారాలు బాగుచేసేవాడికి ఇచ్చింది. చదవలేక ఒక ఉత్తరాన్ని నెలల తరబడి జేబులో మోస్తున్న వంటామెకు ఇచ్చింది. వంటామె చదువుతూ చదువుతూ ఏడ్చింది... ఎందుకో ఆమె అడగలేదు. బస్సు వచ్చింది, ఎక్కేసింది.

ఇవ్వడం... వెళ్ళిపోవడం. ఎంత హాయి!

తీసుకున్నవాళ్ళకు ఆమె పేరు తెలియదు. ఆమె దుఃఖమూ తెలియదు.

ఆ మధ్యాహ్నం రేవు పక్క గదిలోంచి చెల్లెలికి ఫోను చేసి, ముసలాయన సంగతి చెప్పింది. చెల్లెలు దర్జీ. బొత్తాలకు కాజా కుట్టిందంటే కళ్ళకద్దుకోవాల్సిందే. ఇలాంటివి చెబితే పడీపడీ నవ్వే మనిషి.

ఈసారి నవ్వలేదు.

"అక్కా... నేను కాజాలు మానేశానే."

"అదేంటే?"

"సూదిలో దారం ఎక్కట్లేదు. మూడేళ్ళయింది. కిందింటావిడ చేత ఎక్కించుకునేదాన్ని. రోజుకెన్నిసార్లని పిలుస్తాను? మొన్న కాజా అనుకుని కోటు బట్టే కోసేశాను."

"మూడేళ్ళా! నాకు చెప్పలేదేమే?"

"నువ్వడిగావా?"

కిటికీ రెక్క గాలికి కొట్టుకుంది.

అడగలేదు. ప్రతి ఫోనులోనూ తనే చెప్పింది — కొండలు, రేవులు, ఎవరెవరి నవ్వులో. చెల్లెలు ఊఁ కొట్టింది.

"రేపే పోస్టులో పంపిస్తాను. రెండు జోళ్ళు —"

"పోస్టులో నాకేం వద్దు. కొనుక్కోవాలంటే ఈ ఊళ్ళో దొరకవా?" ఫోను పెట్టేసింది.

ఆమె పెట్టె తెరిచింది. చెల్లెలి వయసుకు ఏ పవరు సరిపోతుందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలదు. ముక్కు ఎంత వెడల్పు? ఎడమ చెవి కాస్త కిందికా... కుడి చెవా?

కళ్ళు మూసుకుంది. వల ముసలాయన ముక్కు గుర్తొచ్చింది. వంటామె ముక్కు గుర్తొచ్చింది.

తోబుట్టువు ముక్కు గుర్తు రాలేదు.

సాయంత్రం ఓడలో అవతలి తీరానికి వెళ్ళాలి. ఆమె ఓడ వదిలేసి రైలు స్టేషనుకు వెళ్ళింది.

మూడు రైళ్ళు. రెండు బస్సులు. దారిలో ఎవరి ముఖాన్నీ కొలవలేదు.

మూడో అంతస్తు. చెల్లెలు తలుపు తీసింది. ఆమె ఏదో చెప్పబోయింది. చెల్లెలు ఆమె రెండు భుజాలూ పట్టుకుంది. హత్తుకుంటుందనుకుంది...

హత్తుకోలేదు. చేతులు చాచి, చాచినంత దూరం వెనక్కి నెట్టింది.

"కదలకే," అంది. "దగ్గరుంటే మసగ్గా ఉన్నావు. అక్కడే నించో... చూడనీ."

ఆమె నిలబడింది. ఆరేసిన బట్టల వాసన. మెట్ల కిటికీలోంచి గాలి.

చెల్లెలు చూస్తూనే ఉంది. లోపలికి రమ్మని ఇంకా అనలేదు...