సిరా ఎరగని పెన్నులు

ఆ ఇంట్లో ఇంకు పెన్నులకి కొదవ లేదు. ఇంకు మాత్రం చుక్క లేదు. అది లోటని ఇంటాయన ఎన్నడూ అనుకోలేదు, పైగా అదే తన గొప్ప అని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేవాడు.

అన్నీ ఇటలీ పెన్నులు. ఒక్కొక్కటీ బొటనవేలికంటే లావు. రెసిన్ అనే ఖరీదైన ప్లాస్టిక్కుతో చేసినవి. రెసిన్ అని మనలాంటి వాళ్ళం ఊరికే అనేస్తే సరిపోదు, ఆయన అన్నట్టు అనాలి, కళ్ళు అరమోడ్చి, మాటని నాలుక మీద కాసేపు నిలబెట్టి. ఒకదాంట్లో ముత్యపు చారలు, ఒకదాంట్లో నీలంలో నీలం సుళ్ళు, ఇంకోదాంట్లో గాజులు పగలగొట్టి చల్లినట్టు తళుకులు. ఏ ఒక్కదాని పాళీ తడి ఎరగదు. ఒకసారి ఇంకు తగిలితే ఇక అది మామూలు పెన్ను అయిపోతుందట. రాసే పెన్ను ఎవడి దగ్గరైనా ఉంటుందట. రాయనిది దగ్గరుంచుకోవడంలో ఉందట రసికత.

ఈ 'అట'లన్నీ ఆయన భార్య పెళ్ళయిన కొత్తలో నోరు తెరుచుకుని వింది. తరవాత నోరు మూసుకుని వింది. ఇప్పుడు కూరలు తరుగుతూ వింటోంది.

ఆయన ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో మేనేజరు. అక్కడ రోజంతా సంతకాలు పెట్టేది కౌంటరుకి దారంతో కట్టిన బాల్‌పెన్నుతో. ఇంట్లో సరుకుల చీటీ కూడా రాయడు, ఫోన్లో చెప్పేస్తాడు. ఆదివారం వచ్చిందంటే మాత్రం తెల్లటి చేతితొడుగులు వేసుకుని అద్దాల బీరువా తలుపు తీస్తాడు. పెన్నులు ఒక్కొక్కటే తీసి, వెలుతురుకి ఎత్తి పట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూస్తాడు. వెనక మర తిప్పి లోపలి పిస్టను పైకీ కిందికీ కదలడం చూసి మురిసిపోతాడు. అంత ఖరీదైన యంత్రం ఆదివారం ఆదివారం పీల్చేది గాలి.

ఆయనకి ఒక క్లబ్బు కూడా ఉంది. అందరూ ఇదే బాపతు. ఒకసారి అందులోని పళ్ళ డాక్టరు ఏదో పెన్ను చేతిలోకి తీసుకుని, "మేం కట్టుడు పళ్ళ చిగుళ్ళకి వాడే సరుకు కూడా ఇంచుమించు ఇదేనండోయ్" అన్నాడు. పాపం, మెచ్చుకోలుగానే అన్నాడు. ఆ తరవాత చాన్నాళ్ళు మేనేజరు అతనితో మాట్లాడలేదు. ఆయన భార్యకి మాత్రం ఆ మాట ఎంత నచ్చిందంటే, అప్పట్నుంచి బీరువా తలుపు తీసినప్పుడల్లా ఆమెకి లోపలినుంచి ఎవరో ఇకిలిస్తున్నట్టే ఉంటుంది.

ఇలా ఉండగా వదిన వచ్చింది. వదినంటే మేనేజరుగారి అక్క. బస్టాండులో మైకు ముందు కూర్చుని ఉద్యోగం చేసిన మనిషి. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీద ఉందో ఆవిడ చెబితే నిద్రపోతున్నవాళ్ళు కూడా లేచి పెట్టెలు సర్దుకునేవాళ్ళు. అలాంటి మనిషికి గొంతులో పుండు లేచింది. ఆపరేషను చేసి స్వరపేటిక మొత్తం తీసేశారు. ప్రాణం దక్కింది, మాట పోయింది. మెడ మీద చిన్న రంధ్రం పెట్టారు, ఊపిరి ఇక అందులోంచే. చూసుకునే దిక్కు లేక తమ్ముడింటికి తీసుకొచ్చారు.

ఖాళీగా ఉన్నది పెన్నుల గదే. బీరువా హాల్లోకి మార్చమని భార్య అడిగింది. హాల్లో ఎండ పడుతుందన్నాడు, దుమ్మన్నాడు, వంటింటి ఆవిరన్నాడు. చివరికి వదిన మంచాన్నే బీరువాకి ఎదురుగా ఇరికించారు. పెన్నుల కోసం పెట్టిన ఏసీ పగలూ రాత్రీ నడుస్తూనే ఉంది. అక్క అదృష్టవంతురాలని, చల్లగా ఉంటుందని మేనేజరు నలుగురితో చెప్పుకున్నాడు.

వదిన మాత్రం వచ్చిన రోజునుంచీ బీరువా వైపు చెయ్యి చూపిస్తోంది. చూపించి, గుండె మీద చెయ్యి పెట్టుకుని, మళ్ళీ చూపిస్తుంది.

"చూశావా, మా అక్కకి ఎంత ఇష్టమో!" అని మేనేజరు పొంగిపోయేవాడు. తొడుగులు వేసుకుని ఒక పెన్ను తీసి ఆవిడ ముఖం ముందు ఆడించేవాడు. "ఇది చూడక్కా, లోపల మబ్బులు కదుల్తున్నట్టు లేదూ?" వదిన కళ్ళు మూసుకునేది. తన్మయత్వం అనుకునేవాడు.

భార్యకి అది తన్మయత్వంగా కనిపించలేదు. ఈవిడ ఏదో ఒక్క ముక్క చెప్పాలనుకుంటోంది, ఆ ముక్క లోపలే ఉండిపోయి తినేస్తోంది అనిపించింది. దుప్పటి కప్పి చూసింది, కాదని తల ఊపింది. నీళ్ళిచ్చింది, కాదంది. అక్షరాల అట్ట తెచ్చి ఒక్కొక్కటే వేలు పెట్టి చూపించమంటే, గుణింతాల దగ్గరే ఇద్దరికీ ఓపిక అయిపోయింది. పోనీ రాయమందామా అంటే వదిన వేళ్ళు కీళ్ళవాతంతో కణుపు కణుపునా వాచిపోయి ఉన్నాయి. ఫోను నొక్కితే ఒక్కసారే మూడక్షరాలు పడతాయి. బాల్‌పెన్ను సన్నం, పిడికిట్లోంచి జారిపోతుంది. పట్టుకున్నా నొక్కే బలం లేక కాగితం మీద గీత కూడా పడదు. సుద్దముక్క పొడి, మార్కరు వాసన మెడలోని రంధ్రానికి పడక దగ్గు తెర వచ్చేస్తుంది.

కట్టు మార్చడానికి వచ్చే నర్సమ్మ ఒకరోజు చూసి చెప్పింది. "లావుపాటి ఇంకు పెన్ను ఉంటే చూడండమ్మా. ఇంకు పెన్నుని నొక్కక్కర్లేదు, ఊరికే ఆనిస్తే చాలు, అదే రాస్తుంది. ఎక్కడైనా దొరుకుతుందేమో."

ఆమెకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నర్సమ్మ వీపు వెనకే బీరువా నిండా లావుపాటి ఇంకు పెన్నులు.

ఆ సాయంత్రం మొగుడు బూట్లు విప్పుతుండగా అడిగింది. "ఏమండీ, వదినకి ఒక పెన్ను ఇవ్వండి. లావుది. ఏదైనా పర్లేదు."

"పెన్నులకేం, రేపు ఆఫీసునుంచి డజను తెస్తాను."

"అవి పనికిరావండీ. బీరువాలోది కావాలి."

మేనేజరు ఆమె కేసి జాలిగా చూశాడు. "అవి రాసేవి కాదే."

"పెన్నులే కదా?"

"పెన్నులే. కానీ రాసేవి కావు."

"మరెందుకూ?"

"కలెక్షను," అన్నాడు, ఆ ఒక్క మాటతో అంతా తేలిపోయినట్టు. "అయినా మా అక్క మనసు నాకు తెలీదా? చూసుకుంటే చాలు తనకి. రోజూ చూపిస్తూనే ఉందిగా."

ఆమెకి ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళ కాపురంలో ఇతన్ని పిసినారి అనుకుంది, పిచ్చివాడు అనుకుంది, కానీ ఇంత చవకబారు మనిషి అని ఇప్పుడే తెలిసింది. మర్నాడు నిజంగానే ఆఫీసు బాల్‌పెన్నులు డజను తెచ్చి అక్క దిండు పక్కన పెట్టాడు. పెట్టి, తనని తాను మెచ్చుకుంటున్న ముఖంతో నిలబడ్డాడు.

ఆదివారం క్లబ్బువాళ్ళు రావాలి. పొద్దున్నే ఆమె వీధి చివరి స్టేషనరీ కొట్టుకి వెళ్ళి ఇంకు సీసా అడిగింది. కొట్టతను పై అరల్లో వెతికి వెతికి, దుమ్ము పట్టిన సీసా ఒకటి దింపాడు. "ఎర్రదే ఉందమ్మా. టీచర్లు కొనేవాళ్ళు. నీలం తెప్పించడం మానేశాం."

ఎర్ర ఇంకు అనగానే ఆమె చెయ్యి వెనక్కి వచ్చింది. లేతరంగు రెసిన్‌కి ఎర్ర ఇంకు తగిలితే ఇక జన్మలో వదలదని మొగుడు నూరిపోసిన పాఠం ఆమెకి కంఠతా వచ్చు. ఆ క్షణంలో వదిన గుండె మీద చెయ్యి పెట్టుకోవడం గుర్తొచ్చింది. సీసా సంచిలో వేసుకుంది.

మేనేజరు వీధి గుమ్మం దగ్గర క్లబ్బువాళ్ళ కార్లు పెట్టిస్తున్నాడు. ఆమె చేతితొడుగుల డబ్బా కింద ఉన్న తాళంచెవి తీసి బీరువా తెరిచింది. తొడుగులు వేసుకోలేదు. అన్నిటికంటే లావుగా ఉన్నది తేనెరంగు పెన్ను, లోపలికి చూపు పోయేంత తేట. క్లబ్బులో అంతా చొంగ కార్చేది దాన్ని చూసే. మొగుడు గాల్లో తిప్పే మరని ఆమె మొదటిసారి పాళీ ఇంకులో ముంచి తిప్పింది. పెన్ను గడగడా తాగింది. ఎన్నాళ్ళ దాహమో పాపం అనుకుంది.

వదిన పిడికిట్లో అది చక్కగా ఇమిడింది. ఒళ్ళో అట్ట, అట్ట మీద కాగితం. పాళీ ఆనించగానే ఎర్రటి గీత పడింది. వదిన ఆ గీతనే చూస్తూ ఉండిపోయింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"రాయండి వదినా. నెమ్మదిగా రాయండి. స్టవ్ మీద టీ పొంగుతోంది, ఇప్పుడే వస్తా," అని ఆమె వంటింట్లోకి పరిగెత్తింది.

ట్రే పట్టుకుని వచ్చేసరికి గదంతా క్లబ్బు. వదిన చాచిన కాగితం పళ్ళ డాక్టరు చేతిలో ఉంది. పక్కనుంచి క్లబ్బులోనే ఇంకొకాయన, ఆడిటరు, కళ్ళజోడు పైకి నెట్టుకుని దాని మీదికి వంగాడు.

"అబ్బబ్బబ్బ! ఏం తడండీ! గీత ఎక్కడా తెగలేదు."

"ఆ మలుపు దగ్గర చూడండి, ముదురు నుంచి లేతకి ఎలా జారిందో!"

"మొత్తానికి ఇంకు పోశారన్నమాట! మేనేజరుగారూ, మీరు సామాన్యులు కాదు. దీనికి గుండెధైర్యం కావాలి."

మేనేజరు ముఖంలో నెత్తురు చుక్క లేదు. అక్క చేతిలో తేనెరంగు పెన్ను, పెన్నులో ఎరుపు. అరవడానికి నోరు తెరిచాడు. కానీ చుట్టూ పొగుడుతున్నారు. ఆ నోటితోనే నవ్వాడు. గొంతులో వెలక్కాయ పడ్డవాడు నవ్వితే ఎలా ఉంటుందో అలా నవ్వాడు.

కాగితం చేతులు మారుతోంది. ఒకాయన ఫోనుతో ఫొటో తీశాడు. ఒకాయన వేలి కొసతో తాకి ఎంత సేపట్లో ఆరిందో చెప్పాడు. మంచం మీద వదిన గుండె పట్టుకుని ఒక్కొక్కరి ముఖం చూస్తోంది. మెడ దగ్గర ఊపిరి గరగరమంటోంది.

"ఏం రాశారు?" అంది ఆమె, ట్రే కింద పెట్టకుండానే.

"ఫ్లో అద్భుతంగా ఉందమ్మా," అన్నాడు పళ్ళ డాక్టరు.

"ఫ్లో కాదండీ. ఏం రాశారూ అని."

డాక్టరు ఆడిటరు కేసి చూశాడు, ఆడిటరు కాగితం కేసి చూశాడు. ఇంతమంది చదువుకున్నవాళ్ళు ఆ కాగితాన్ని తిరగేసి మరగేసి చూశారు గానీ ఒక్కడూ చదవలేదు.

ఆమె ట్రే ఆడిటరు చేతుల్లో పెట్టేసి కాగితం లాక్కుంది. అక్షరాలు వంకర్లు పోయినా పాత ఉద్యోగం పోలేదు. పైకే చదివింది. "విజ్ఞప్తి. ఈ బీరువా వెనక కిటికీ ఉంది. దయచేసి తెరవగలరు. ఏసీ గాలికి ఊపిరి ఆడటం లేదు."

కిటికీ! అందరూ బీరువా కేసి చూశారు. ఎండ తగలకూడదని మేనేజరు తనే చేతులారా కిటికీకి అడ్డంగా పెట్టించాడు దాన్ని. పెట్టించి, మరిచిపోయాడు. ఎదురు మంచం మీద పడుకున్నవాళ్ళకి మాత్రం దాని పై చట్రం అంచు కనిపిస్తూనే ఉంటుంది. ఆమె కూడా మరిచిపోయింది. ఆమెకి తల కొట్టేసినట్టయింది. ఇన్నాళ్ళూ వదిన చూపిస్తున్నది ఇదా!

"చూస్తారేంటి? పట్టండి," అంది.

"అయ్యో, లోపల పెన్నులు..." అన్నాడు మేనేజరు.

"లోపల మనిషి ఉంది."

ఆ గొంతు విని క్లబ్బు మొత్తం బీరువాకి భుజం పెట్టింది. లోపల పెన్నులు గలగలా దొర్లాయి. ప్రతి చప్పుడుకీ మేనేజరు అమ్మో, నాయనో అన్నాడు. ఆమె ఏసీ ఆపేసి, బిగుసుకుపోయిన కిటికీ రెక్కల్ని గుద్ది గుద్ది తెరిచింది. బయటి గాలి మెత్తగా వచ్చింది. వదిన కళ్ళు మూసుకుని పీల్చుకుంది. మెడ దగ్గర గరగర కొంచెం కొంచెంగా తగ్గింది.

గాలితో పాటు ఎండ కూడా వచ్చింది, సూటిగా బీరువా అద్దం మీద పడింది. "రంగు వెలిసిపోతుంది!" అని మేనేజరు పరుగున వెళ్ళి కిటికీకి అడ్డంగా చేతులు చాపి నిలబడ్డాడు. వదిన మళ్ళీ పెన్ను ఎత్తింది. 'ఒరేయ్, నువ్వు' అని రాసింది. అంతవరకే. తమ్ముడు ఒక్క అంగలో వచ్చి, చేతిలోంచి పెన్ను ఊడబెరికాడు. మళ్ళీ కిటికీ దగ్గరికి పోయి, దాన్ని వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాడు.

"పోయింది," అన్నాడు. "లోపలంతా పట్టేసింది. ఇక కడిగినా పోదు. నా పెన్ను పోయింది."

వదిన ఖాళీ పిడికిలి గాల్లోనే ఉంది. అది చూడలేక ఆడిటరు టీ ట్రే కేసి తల దించుకున్నాడు. అసహ్యం అంటే ఏమిటో ఆమెకి ఆ నిమిషంలో పూర్తిగా అర్థమైంది. మాట పోయిన మనిషి చేతిలోంచి మాట లాక్కున్నాడు వీడు. తిట్టడం కూడా దండగ అనిపించింది. బీరువాలోంచి ముత్యపు చారల పెన్ను తీసి, ఇంకు సీసా మూత విప్పింది.

"ఏయ్, ఏం చేస్తున్నావ్?"

"వదిన మాట సగంలో ఉంది. అది మీరు ఇవ్వకపోతే ఇది నింపుతా. ఇదీ లాక్కుంటే ఆ నీలంది. సీసాలో ఇంకు బోలెడుంది."

పాళీ ఇంకు మీదికి వంగింది. మేనేజరు క్లబ్బు కేసి చూశాడు. క్లబ్బు గోడ కేసి చూసింది. అంత తొందరగా ఆయన ఏ పనీ చేసి ఎరగడు. రెండు చేతులతో తేనెరంగు పెన్ను తెచ్చి అక్క పిడికిట్లో పెట్టి, వేళ్ళు కూడా తనే మూశాడు. అక్క మీద ప్రేమతో కాదు, మిగిలినవాటి మీద ప్రేమతో. పెట్టేసి మళ్ళీ వెళ్ళి కిటికీ దగ్గర నిలబడ్డాడు.

అందరి ముందూ అయిందేమో, కాస్త సిగ్గు వేసినట్టుంది. గొంతు తగ్గించి అడిగాడు. "ఏం రాయబోయావక్కా? తిట్టాలనుకుంటే తిట్టేయ్. నువ్వు పెంచినవాణ్ణేగా."

వదిన నింపాదిగా, ఒక్కొక్క అక్షరమే పూర్తి చేసింది. కాగితం తమ్ముడికి ఇవ్వలేదు, మరదలికి ఇచ్చింది. ఆమె చదివి, బస్టాండంతా వినిపించేలా పైకి అంది.

"ఒరేయ్, నువ్వు గాలికి అడ్డంగా నిలబడ్డావు. జరుగు."