అడుగున తలుపు

ట్యాంకులోకి దిగిన పోతయ్య పైకి రాలేదు. అతని కోసం దిగిన ఏడుకొండలూ రాలేదు.

బందరు శివారులోని ఆ షెడ్డులో అతిశీతల ద్రవ వాయువులను నిలవచేసే ట్యాంకులు తయారవుతాయి. నికెల్ ఉక్కు పలకలను లేజరుతో అతికేటప్పుడు అతుకుకు గాలి తగలకుండా ఆర్గాన్ వాయువు వదులుతారు. ఆ ఉదయం వాల్వు తిప్పినవాడు అంకమ్మరావు. భోజనానికి వెళ్తూ కట్టెయ్యబోతే మేనేజరు సుబ్బారావు వద్దన్నాడు.

"మళ్ళీ నింపాలంటే గంట దండగ. వదిలెయ్."

అంకమ్మరావు వదిలేశాడు.

ఇప్పుడు నిచ్చెన దగ్గర, గిలకలదిండి నుంచి ఇక్కడ కూలికొచ్చిన జాలర్లు చొక్కాలు విప్పుతున్నారు. పడవలోంచి ఒకడు పడితే ఆలోచించకుండా రెండోవాడు దూకడం వాళ్ళ అలవాటు. ఆ అలవాటే ఏడుకొండలును లోపలికి దింపింది. అంకమ్మరావు నిచ్చెనకు అడ్డం నిలిచాడు.

"తప్పుకో బావా. ఊపిరి బిగబట్టి లాక్కొస్తాం."

"బరువెత్తేటప్పుడు పీలుస్తావు. ఒక్క గుక్క చాలు, నువ్వూ అక్కడే పడుంటావు. ఆ గ్యాసు గాలికన్నా బరువు, గాలిని నెట్టేసి అడుగున పేరుకుంది. కింద కోస్తే అదే కారిపోద్ది."

"అమ్మవారికి వేట వెయ్యలేదు. అందుకే మింగేసింది," అన్నాడు ముసలి పిచ్చేశ్వరరావు.

"ఎవరూ మింగలేదు మావయ్యా. పైన కన్నం తప్ప గాలికి దారి లేదు, అంతే."

పలకలు రుద్దే దయామణి ఉక్కును కోసే ప్లాస్మా కట్టరును ఈడ్చుకొచ్చింది. సుబ్బారావు అడ్డొచ్చాడు.

"అతుకులన్నీ ఎక్స్-రే పాసైన ట్యాంకది. ముట్టుకుంటే చేతులు విరగ్గొట్టిస్తా. ఆక్సిజన్ మాస్కులవాళ్ళు బెజవాడ నుంచి వస్తున్నారు."

"అందాకా లోపలోళ్ళు ఏం పీల్చాలండీ, మీ ఎక్స్-రేనా?" అంది దయామణి.

"నిప్పు తగిలితే పేలిపోద్ది."

"ఆర్గాన్ మండదండీ," అన్నాడు అంకమ్మరావు. "ఆ సంగతి మీకు తెలుసు."

సుబ్బారావు సైగ చెయ్యగానే గార్డు ఇనుపరాడ్డు అంకమ్మరావు ఎడమ భుజం ఎముకను విరిచింది. రెండో దెబ్బకు దయామణి నోట్లోంచి రక్తం, పన్నూ కలిసి పడ్డాయి. అంతే, అరవైమంది కూలీలు కదిలారు. రాడ్లు చేతులు మారాయి. ఒక గార్డు మోకాలు చిట్లింది. సుబ్బారావు ముఖం పలకల మీద పడి పగిలింది. ఎడమచెయ్యి వేలాడుతుండగా అంకమ్మరావు కుడిచేత్తో ట్యాంకును అడుగున కోశాడు. బయటికి వచ్చినదేదీ కంటికి కనిపించలేదు. నేల మీది దుమ్ము మాత్రం అలలా వెనక్కి జరిగింది.

కోత తలుపంత అయింది. నిచ్చెన మెట్లలో చిక్కుకుని, తల కాస్త ఎత్తున ఉన్న ఏడుకొండలు దగ్గాడు. అడుగున పడున్న పోతయ్య దగ్గలేదు.

పోలీసులు వచ్చేసరికి సుబ్బారావు కాగితం సిద్ధంచేశాడు: పోతయ్య తాగి దిగాడు. "శవాన్ని పంపండి," అన్నాడు కూలీలతో. "రెండో ట్యాంకులో పని మొదలెట్టండి."

"ట్యాంకు కోసిందెవడు?" అన్నాడు ఎస్సై.

"నేనేనండీ. వాల్వు తెరిచిందీ నేనే. కట్టొద్దన్నది ఆయన. ముందు అది రాయండి."

లాఠీ పక్కటెముకల్లో దిగింది. అతన్ని జీపులో పడేశారు. జీపు గేటు దాటుతుండగా షెడ్డులో ప్లాస్మా కట్టరు మళ్ళీ కీచుమంది. షెడ్డు తలుపు సందులోంచి అంకమ్మరావుకు కనిపించింది: కట్టరు పట్టింది దయామణి, వైరు మోస్తున్నది పిచ్చేశ్వరరావు, చుట్టూ గోడలా నిలబడినవాళ్ళు అరవైమంది.

"ఏంట్రా ఆ చప్పుడు?" అన్నాడు ఎస్సై.

"రెండో ట్యాంకుకి తలుపు పెడుతున్నారండీ."