నల్లరాళ్ళ మిట్టా, కొత్త నాజిళ్ళూ

ఉదయగిరి నుంచి ఆత్మకూరు పోయే దారిలో నల్లరాళ్ళ మిట్ట అని ఒక ఎక్కుడు ఉంది. దయాసాగర్ బాడుగ కారుకూ ఆ మిట్టకూ పాము ముంగిస పగ. ఖాళీగా పోతే ఎక్కుతుంది. కారు నిండా మనుషులుంటే సగం మిట్టకే నీరసపడి ఆగిపోతుంది. అప్పుడు అందరూ దిగాలి, తొయ్యాలి.

ఒకసారి అతని భార్య సుకుమారి పట్టుచీర కట్టుకుని ఆ కారును తోసింది. సరిగ్గా అప్పుడే నెల్లూరు బస్సు పక్కనుంచి పోయింది. కిటికీలో నుంచి ఎవడో అరిచాడు.

"అక్కా, ఇంకొంచెం గట్టిగా తొయ్యి! ఎద్దులు అలిసిపోయినట్టుండాయి!"

బస్సు బస్సంతా నవ్వింది. ఆ రోజు నుంచి సుకుమారి కారెక్కలేదు. ఇంటి ముందు కారుండగా, సంచీ చంకన పెట్టుకుని బస్సుకు పోతుంటే ఊరు చూసేది. దయాసాగర్‌కు తల కొట్టేసినట్టుండేది.

ఊళ్ళో నారాయణయ్యకు మాత్రం ఇది పండగ. ఆయనకు నిమ్మతోట ఉంది, తోటలో లోతైన బావి ఉంది. ఆ కారు ఇంజను పీకి బావి మీద పెట్టుకుంటే తోటంతా తడుస్తుందని ఆయన ఆశ. ఎప్పుడు కనబడినా అదే మాట.

"ఏమల్లుడా, నా ఇంజను బాగుండాదా?"

"నీ ఇంజను ఏంది మామా? నాది."

"ఈరోజు నీది, రేపు నాది. ఆ మిట్ట తేలుస్తాదిలే."

దయాసాగర్ ఓర్చుకున్నాడు, ఓర్చుకున్నాడు. ఆత్మకూరులో చర్చి ప్రార్థన కూటాలు దగ్గరపడినప్పుడు ఇక ఓర్చుకోలేకపోయాడు. ఊరి చర్చి ముందర నలుగురిలో అనేశాడు.

"కూటాలకు సుకుమారి నా కారులోనే వస్తాది. మిట్ట మీద తొయ్యడానికి ఒక్క మనిషి దిగినా, ఇంజను పీకి మామ బావికి ఇచ్చేస్తా!"

సుకుమారి అతని మొహం చూసింది. కారు పోతే మళ్ళీ ఒకరి లారీ తోలడమే గతి. రోజులకు రోజులు ఇంటికి రాని బతుకు. అది ఆమెకూ తెలుసు.

"మాట మీద ఉంటావా?" అంది.

"ఉంటా."

"నేనూ వస్తా. పందెం చూడాల గదా," అన్నాడు నారాయణయ్య.

మరుసటి రోజే దయాసాగర్ ఆత్మకూరులో మెకానిక్ జనార్దనయ్య షెడ్డు ముందు కారు ఆపాడు. జనార్దనయ్య ఇంజను విప్పి, నాజిళ్ళు బయటికి తీసి చూశాడు. ఇంజనులోకి డీజిల్ చిమ్మే ముక్కులు అవి.

"ఇదా సంగతి! నీ ఇంజనుకు టర్బో ఉండాది, అది గాలి బాగానే ఊదతాది. అయితే ముందు ఎవుడో చిన్న నాజిళ్ళు ఏసి పెట్టినాడు. కొలిమి తిత్తి ఎంత ఊదినా బొగ్గు లేకుంటే మంట యాడొస్తాదయ్యా?"

"అయితే బొగ్గు పొయ్యన్నా!"

పోశాడు. పెద్ద బెజ్జాల నాజిళ్ళు తెప్పించాడు. డీజిల్ పంపును నెల్లూరు పంపించి సెట్టింగు మార్పించాడు. ట్యాంకు నుంచి వచ్చే పైపు లావుది వేశాడు. ఫిల్టరు కొత్తది పెట్టాడు. అన్నీ బిగించి స్టార్ట్ చేస్తే ఇంజను గొంతే మారిపోయింది. కాలు తొక్కగానే టర్బో సన్నగా ఈల వేసింది. తిరుగు దారిలో మిట్ట దిగినాక, పిలిచి మరీ జనాన్ని ఎక్కించుకుని, కారు వెనక్కి తిప్పి మళ్ళీ మిట్ట ఎక్కాడు దయాసాగర్. మేకపోతు గట్టెక్కినట్టు ఎక్కింది కారు. పైకి చేరినాక హారన్ కొట్టి కొట్టి నవ్వుకున్నాడు.

కూటాల రోజు పొద్దున సుకుమారి తలుపు దగ్గరే ఆగిపోయింది.

"డీజిల్ కంపు కొడతా ఉండాది. ఈ పట్టుచీర ఉతికేది కాదు. వాసన వస్తే నేనెక్కను."

దయాసాగర్ గబగబా ట్యాంకు మూత తీశాడు. సైకిల్ ట్యూబు గుండ్రంగా కోసి మూత కింద పెట్టాడు. మూతకున్న సన్న బెజ్జంలో బట్టల సబ్బు కూరాడు. క్యానులో ఉన్న డీజిల్ నోటిదాకా పోసి మూత బిగించాడు. ముక్కు పెట్టి చూశాడు. వాసన లేదు.

"రాండి, రాండి!"

వెనక సుకుమారి, ఆమె తల్లి హన్నమ్మ, చర్చి ఆడవాళ్ళు ఇద్దరు ఇరుక్కుని కూర్చున్నారు. హన్నమ్మ ఒళ్ళో పులిహోర గిన్నె. ముందు సీట్లో నారాయణయ్య పెళ్ళికొడుకు మాదిరి కూర్చున్నాడు.

కారు ఎగిరి దూకింది. ఉదయగిరి కొండ వెనక్కి పోయింది. టర్బో ఈల వేస్తుంటే ముందున్న నెల్లూరు బస్సును దాటేశాడు. ఆడవాళ్ళు కేకలు పెట్టారు. "నిదానం నాయనా, పులిహోర!" అంది హన్నమ్మ, అంటూనే నవ్వింది. నారాయణయ్య నవ్వలేదు. ఎదురుగా మిట్ట కనబడింది. దయాసాగర్ కాలు అదిమాడు. కారు ఊపుగా లేచింది.

సగం మిట్టలో ఈల ఆగిపోయింది. కారు ఒకసారి గుంజింది, ఇంకోసారి గుంజింది, ఎక్కిళ్ళు పెట్టి ఆగిపోయింది.

దయాసాగర్ దిగి చక్రం కింద రాయి పెట్టాడు. నారాయణయ్య కూడా దిగాడు, బానెట్ మీద ప్రేమగా చెయ్యి వేశాడు.

"అమ్మా, దిగండి, దిగండి. తొయ్యాల. నా బావి ఎదురుచూస్తా ఉండాది."

"నేను దిగను," అంది సుకుమారి. రెండు చేతులతో సీటు పట్టుకుంది. "తెల్లార్లూ ఈడనే కూచుంటా గానీ దిగను. అమ్మా, నువ్వూ దిగబాక."

అప్పుడే వెనక నుంచి బస్సు వచ్చింది. "తొయ్యమంటారా?" అని కిటికీలు నవ్వాయి. బస్సు మూలుగుతూ మిట్టెక్కి పోయింది.

డీజిల్ అందడం లేదని దయాసాగర్‌కు అర్థమైంది. నిండా పోసిన ట్యాంకు ఖాళీ ఎట్లా అవుతుంది? చూద్దామని పరుగున పోయి మూత తిప్పాడు.

బుస్సుమంది. నాగుపాము పడగెత్తినట్టు గాలి లోపలికి జొరబడింది.

దయాసాగర్ చేతిలోని మూతను చూశాడు. సబ్బు కూరిన బెజ్జాన్ని చూశాడు. ట్యాంకులో డీజిల్ తగ్గేకొద్దీ ఆ బెజ్జంలో నుంచే గాలి లోపలికి పోవాలి. వాసనకు భయపడి తనే ట్యాంకు ముక్కు మూసేశాడు. నాజిళ్ళు పెద్దవై గబగబా గుంజుతుంటే, గాలాడని ట్యాంకు డీజిల్‌ను వదలక పట్టుకుంది.

"ఓరి నా సబ్బో!" అని గట్టిగా అరిచాడు.

"ఏందిరా, పిచ్చి పట్టిందా?" అన్నాడు నారాయణయ్య.

దయాసాగర్ పుల్లతో సబ్బు పొడిచేశాడు, ట్యూబు ముక్క విసిరేశాడు. బానెట్ ఎత్తి, పంపు పక్కనున్న చేతి పంపు కొట్టి డీజిల్ ఎక్కించాడు. బానెట్ దించి, సీట్లో కూలబడి, తాళం తిప్పాడు. ఇంజను దగ్గింది, దగ్గింది, అందుకుంది. కాలు అదిమాడు. చక్రం రాయిని వదిలి ముందుకు పాకింది. పాకింది, నడిచింది, పరిగెత్తింది. టర్బో ఈల వేసింది.

"ఎక్కు నాయనా, ఎక్కు!" హన్నమ్మ గిన్నె మీద దరువేసింది. ఆడవాళ్ళంతా హల్లెలూయా అన్నారు.

"ఒరే, నేను! నన్ను ఎక్కించుకోరా!" కింద నారాయణయ్య అరుస్తూ పరుగు తీశాడు.

మిట్ట పైకి చేరినాక దయాసాగర్ కారు ఆపాడు. ఆయన పంచె పైకి దోపుకుని రొప్పుతూ వచ్చాడు.

"నేను దిగినా గదా! మనిషి దిగినాడు. పందెం నాదే!"

"తొయ్యడానికి దిగితే లెక్క చిన్నాయనా," అంది సుకుమారి. "నువ్వు నవ్వడానికి దిగినావు."

నారాయణయ్య పంచె దులుపుకుని కారెక్కాడు. హన్నమ్మ ఆయన చేతిలో పులిహోర పెట్టింది.

కారు కదిలింది. తెరిచిన బెజ్జంలో నుంచి డీజిల్ వాసన మెల్లగా లోపలికి వచ్చింది. అద్దంలో దయాసాగర్ భార్యను చూశాడు. ఆమె కొంగు ముక్కుకు పెట్టుకుంది.

"వాసన వస్తా ఉండాది," అంది.

దయాసాగర్ కాలు బ్రేకు మీదికి పోయింది. "ఆపమంటావా?"

"ఆపుతావేంది? అదిగో, ముందర బస్సు పోతా ఉండాది." ఆమె కిటికీ అద్దం పూర్తిగా దించింది, కొంగు సర్దుకుంది, మొహం బయటికి కనబడేలా జరిగి కూర్చుంది. "దాన్ని దాటు. కొంచెం నిదానంగా దాటు. అందురూ నన్ను చూడాల."