గూట్లో పెట్టొచ్చిన నొప్పి

సోమవారం పొద్దున తండాలో ఒకటే హడావిడి. ముదిగుబ్బకు పోయి ధర్మవరం బస్సు అందుకోవల్ల. నీలావతి సంగటి ముద్ద మూట కట్టుకునింది, తల దువ్వుకునింది, కుడిపక్క కడుపులో ఉన్న నొప్పిని మెల్లగా తీసి గోడగూట్లో పెట్టి గుడ్డ కప్పింది. ఆ సుగాలీ తండాలో ఆడోళ్లు ఊరికి బయల్దేరితే చేసే పనే అది. నొప్పేసుకొని నలుగుర్లోకి పోతే మర్యాదేముంటాది?

తోడుగా మల్లిక బయల్దేరింది. తండాలోళ్ల ఆరోగ్యం బాగుపడల్లని ఒక ట్రస్టు గ్రాంటిచ్చింటే, ఆ దుడ్లతో తండా సంఘం డిగ్రీ చదివిన ఈ పిల్లను పనికి పెట్టుకునింది. జనాన్ని ఆస్పత్రికి తీసకపోవడం, వాళ్ల తరఫున మాట్లాడటం ఆమె పని. గ్రాంటు కాగితంలో ఒక ప్రశ్న ఉండె: పక్కూరోళ్ల కంటే తండావోళ్ల రోగాలు ఎందుకు ఆలస్యంగా బయటపడతాయి? బస్సుల్లేవు, తెలుగు సరిగా రాదు అని రాసింది మల్లిక. హాస్టల్లో పెరిగిన పిల్ల కదా, గూటి సంగతే మర్చిపోయింది!

ఆస్పత్రిలో డాక్టరమ్మ వసుంధర నీలావతి కడుపంతా నొక్కి చూసింది.

"ఇక్కడ నొప్పా?"

"లేదు మేడమ్."

"ఇక్కడ?"

"ఆడా లేదు."

నొప్పే లేదనే మనిషికి ఏ డాక్టరైనా ఏం చేస్తుంది? గ్యాసు మాత్రలు రాసిచ్చింది.

బయటికొచ్చినాక మల్లికకు ఒళ్లు మండింది. "ఏమవ్వా, వారం నుంచి మెలికలు తిరుగుతాండావని నీ కొడుకు తిరుపాల్ మామ చెప్పె. ఈడికొచ్చి లేదంటావేమి?"

"లేంది లేదంటే తప్పా? గూట్లో పెట్టొస్తి కదా. పెద్దోళ్ల ముందరికి నొప్పేసుకొని వస్తారా ఎవురన్నా?"

"అయ్యో నా కర్మ! మొన్న ఆస్పత్రికి వచ్చినప్పుడు గూడా ఇట్లే వచ్చినావా?"

"మా అత్తా ఇట్లే వచ్చేది. ఆమె ఎదనొప్పి ఇంకా ఆ గూట్లోనే ఉండాది. మనిషి పొయ్యి ఎనిమిదేండ్లాయ."

మర్చిపోయిన గూటి సంగతి మల్లికకు అప్పుడు గుర్తొచ్చింది. వెంటనే తిరుపాల్‌కి ఫోన్ చేసింది.

"మామా, గూట్లో మీయమ్మ నొప్పి ఉండాది. బండేసుకొని బిరీన తీసుకొని రా. పన్నెండుకి ఓపీ మూసేస్తారు. చూసి తే, మీ జేజి ఎదనొప్పి తెచ్చేవు!"

తిరుపాల్ నొప్పిని గంపలో పెట్టి, బండి ట్యాంకు మీద కట్టుకొని వచ్చినాడు. స్పీడు బ్రేకరు దాటినప్పుడల్లా ముందు టైరు అణిగిపోయేది. అంత బరువుంటాదని ఎన్నడూ అనుకోలేదతను. ఇంత మోస్తాండావా అమ్మా అని దారిపొడుగునా ఏడ్చినాడు పాపం.

ఓపీ మూసేదానికి పది నిమిషాలుందనంగా వాళ్లు లోపలికి పోయినారు. నీలావతి సిగ్గుపడతానే గంపలో నుంచి నొప్పిని తీసి కుడిపక్క పెట్టుకునింది. అంతే, "అమ్మా, సచ్చిపోతినే!" అని రెండుగా వంగిపోయింది.

డాక్టరమ్మ అట్లా వేలు ఆనించిందో లేదో నీలావతి ఎగిరిపడింది. "దీన్ని ముందే తెచ్చుకొనుంటే బాగుండేది కదమ్మా," అంటూ డాక్టరమ్మ స్కానింగుకు పంపింది.

అపెండిక్స్ ఉబ్బిపోయి ఉంది. ఇంకొక్క పూట ఆగింటే లోపలే పగిలిపోయేదంట. ఆ మధ్యాహ్నమే ఆపరేషన్ చేసినారు. "ఇంక భయం లేదు" అని నర్సు చెప్పినాక తిరుపాల్ అమ్మయ్య అన్నాడు. మల్లికకు నవ్వు, ఏడుపు రెండూ వచ్చినాయి.

మరుసటి రోజు డాక్టరమ్మ వార్డులోకి వస్తానే నీలావతి కొంగు సర్దుకొని లేవబోయింది. కుట్ల దగ్గర చురుక్కుమనింది. తిరుపాల్ తండా అలవాటు కొద్దీ ఆ నొప్పిని తీసి పక్కన పెడదామని చెయ్యి చాపినాడు. ఆ చేతి మీద ఒక్కటేసింది నీలావతి.

"ఉండనీరా. డాక్టరమ్మ చూడల్ల."

డాక్టరమ్మ వంగింది. "నొప్పుందా అమ్మా?"

"ఉండాది మేడమ్," అనింది నీలావతి, వార్డంతా వినపడేట్టు. "శానా ఉండాది."