రిషిత ముందు పళ్ళు

పాలు తాగుతూ తాగుతూ రిషిత తల వెనక్కి లాక్కుని ఏడ్చింది. సుస్మిత రవికె మీద పసుపుపచ్చ చుక్క ఒకటి పడింది. పాలు కాదు. వాసన చూస్తే కుళ్ళిన ఉల్లిగడ్డ కంపు. బిడ్డ పైపెదవి ఎత్తి చూసింది. ముందు పళ్ళు నాలుగూ చిగురు దగ్గర నల్లబడి ఉన్నాయి. నడిమి రెండూ సగానికి విరిగాయి. వాటి పైన చీముపొక్కు చిట్లి కారుతోంది. రిషితకు ఇరవై నెలలు. సుస్మిత కళ్ళు మూసుకుంది. సొంత బిడ్డ నోరు చూడలేకపోయినందుకు తన మీద తనకే రోత పుట్టింది.

ఏడాది దాటినా పాలు మాన్పించకపోవడం వల్లే ఇదంతా అన్నది అత్త లీల. సుస్మిత భర్త సాకేత్ రావుకు కోరుట్లలో మందుల దుకాణం ఉంది. పాలపళ్ళే కదా, ఊడిపోయి కొత్తవి వస్తాయన్నాడు అతను. చీము తగ్గడానికని ఇంకో తీపి సిరప్ తెచ్చాడు. సుస్మిత ఆ సీసా మూత తీయలేదు. మరునాడు పొద్దున అత్తను తోడు తీసుకుని జగిత్యాల బస్సెక్కింది.

పళ్ళ డాక్టర్ మెహజబీన్ రిషిత నోరు చూసి, ఏమేం మందులు తాగిస్తున్నారని అడిగింది. జలుబుకు, జ్వరానికి, ఆకలికి, దగ్గుకు అంటూ సుస్మిత చెప్పుకుపోయింది. దగ్గు మందు నెలకు ఎన్ని రోజులని అడిగితే, దగ్గున్నప్పుడు నాలుగైదు రోజులే అన్నది.

పక్కన కూర్చున్న లీల కొంగు సర్దుకుంది.

"రోజూ పోస్తున్న," అన్నది మెల్లగా. "పండవెట్టేటప్పుడు ఒక మూత. అది తాగితె పాలు చీక్కుంట సప్పుడు చేయక పంటది."

"దగ్గు లేకున్నా పోస్తున్నవా, అత్తమ్మా?"

"నువ్వు సుత మంచిగ నిద్రవోతివి గదా."

ఆరు నెలలుగా పిల్ల ఏడవకుండా పడుకుంటోందని సుస్మిత తన చెల్లెలు సుమిత్రకు ఫోన్‌లో గొప్పగా చెప్పుకుంది. ఎందుకు పడుకుంటోందో ఒక్కనాడూ అడగలేదు.

"పాలు బంద్ చేయకు," అన్నది డాక్టర్ సుస్మితతో. "ఒక్క పాలతోనే గింత పాడుగావు. చక్కెరపాకమసొంటి మందు పోసి, పళ్ళు తుడువకుండ పండవెడుతున్నరు. నిద్రల ఉమ్మి తక్కువ ఊరుతది. గా పాకం పళ్ళకే అంటుకొని ఉంటది." తర్వాత లీల వైపు తిరిగి, నిద్ర కోసం దగ్గు మందు పోయడం పిల్ల ప్రాణానికే ప్రమాదమని చెప్పింది.

నడిమి పళ్ళు రెండూ తీసేశారు. సూది ఇచ్చినా రిషిత గింజుకుంది. చేతులు సుస్మిత పట్టుకుంది, కాళ్ళు లీల పట్టుకుంది. పళ్ళెంలో పడిన నల్లటి ముక్కలను చూడలేక లీల ముఖం తిప్పుకుంది. సుస్మిత చూసింది.

ఇంటికి రాగానే వంటింటి అల్మారా తెరిచింది. ఏడు సీసాలున్నాయి. మెడల చుట్టూ గులాబీరంగు పాకం గట్టిపడి ఉంది. ఒక మూతలో చచ్చిన చీమలు అతుక్కుపోయాయి. అన్నీ మోరీలో వంపింది. దొంగ స్ట్రాబెర్రీ వాసన గుప్పున లేచింది. అక్కడే వంగి కక్కుకుంది.

అన్నానికి వచ్చిన సాకేత్ రావుకు ఖాళీ సీసా ఇచ్చి చదవమంది. పదేళ్ళుగా అమ్ముతున్న మందు మీద చక్కెర అని రాసి ఉన్నది అతను పైకి చదివాడు.

"చక్కెర లేనిది ఇస్తె పిల్లలు ఊంచేస్తరు. తల్లులే వాపస్ తెస్తరు," అన్నాడు.

"పళ్ళు తుడువాలెనని ఆ తల్లులకు చెప్తివా?"

అతను లేచి చేతులు కడుక్కుని కూర్చుని కడుపునిండా తిన్నాడు. ఆ నమిలే చప్పుడు వినలేక సుస్మిత బిడ్డను ఎత్తుకుని బయటికి వెళ్ళింది.

ఇప్పుడు రోజూ రెండుపూటలా లీలే తడిగుడ్డతో మనవరాలి పళ్ళు తుడుస్తోంది. రిషిత వేలు కొరికినా ఓర్చుకుంటుంది. సాకేత్ రావు చక్కెర లేని సిరప్ తెప్పించాడు గానీ, దాన్ని కింది అరలో పెట్టాడు. అడిగిన వాళ్ళకు అది ఇస్తాడు. అడగని వాళ్ళకు గులాబీరంగుదే. ఒకనాడు పొరుగింటి రాజయ్య తన మనవడి కోసం ఆ సీసానే పట్టుకుపోతుంటే సుస్మిత చూసింది. రోడ్డు మీదే ఆపి, తాగించాక పళ్ళు ఎట్లా తుడవాలో చెప్పింది. దుకాణంలోంచి భర్త పిలిచాడు. ఆమె అటు తిరగలేదు.