స్లావోయ్కా మందలింపు కాగితం

బెల్‌గ్రేడ్‌లో కోర్టు ఇచ్చిన అధికార ముద్ర ఉన్న జర్మన్ భాషా అనువాదకురాలిని నేను. ఇరవై ఆరేళ్లుగా కాగితం మీద ఏది ఉంటే అదే రాస్తున్నాను. కొట్టివేత ఉంటే కొట్టివేత అని, కాఫీ మరక కింద అక్షరం కనబడకపోతే కనబడలేదని రాస్తాను. నా గుండ్రటి ముద్ర పడ్డాక ఎదురు చెప్పే మొనగాడు ఇంకా పుట్టలేదు.

స్లావోయ్కా అనే నర్సు సావా నది ఒడ్డున ఉన్న ఊరి నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చింది. జర్మనీ ఆసుపత్రిలో ఉద్యోగం దాదాపు ఖాయమైంది. ఇక్కడ పనిచేసినట్టు ఇచ్చిన సర్టిఫికెట్‌కి అనువాదం ఒక్కటే మిగిలింది. బల్ల మీద ఐవార్ పచ్చడి సీసా పెట్టి, కాగితం ఇచ్చింది. దాని అడుగున బొటనవేలు అడ్డం పెట్టే ఇచ్చింది.

"వేలు తియ్యమ్మా."

"ఆ కింద చేతిరాత వదిలెయ్యండి, పెర్సిదా గారూ. మా డైరెక్టరు కడుపుమంటతో గీకింది. అది చూస్తే వాళ్లు నన్ను గుమ్మం ఎక్కనిస్తారా?"

"వదిలేస్తే నా ముద్ర అబద్ధమవుతుంది. ఆ పచ్చడి కూడా తీసుకెళ్లు."

"మీకు మనసనేది లేదా?"

"ఉంది. ముద్ర కూడా ఉంది."

ఆమె మొహం గంటు పెట్టుకుని కూర్చుంది. నేను టైపు చేస్తూ పోయాను. ఆ చేతిరాత దగ్గర నా వేళ్లు ఆగిపోయాయి. పూర్తిచేసి, అసలు కాగితాన్నీ అనువాదాన్నీ కలిపి ఎరుపు, నీలం, తెలుపు దారంతో కుట్టి, ముడి మీద ముద్ర వేశాను. ఇక వాటిని విడదీస్తే రెండూ చెల్లవు.

"చివరిది చదవనా?"

"ఎందుకు? మందలింపు, అంతేగా." ఆ కాగితం చేతికొచ్చిన ఈ ఏడేళ్లలో ఆమె ఆ ఒక్క మాట దగ్గరే ఆగిపోయిందట. కింద ఏముందో చదవనే లేదట.

"విను. 'మందలింపు. వరద రోజున వార్డు వదిలి వెళ్లమన్న ఆదేశాన్ని ధిక్కరించి, కదల్లేని పదకొండు మంది రోగుల దగ్గర మూడు రోజులు ఉండిపోయినందుకు.'"

స్లావోయ్కా కాగితాన్ని తన వైపు లాక్కుని ఆ వరుస తానే చదువుకుంది. తర్వాత కళ్లు తుడుచుకుంది.

"పన్నెండు మంది. ఆయనకి లెక్క కూడా రాదు."

"కాగితం మీద పదకొండే ఉంది. పదకొండే రాశాను."

నవ్వేసింది. ఇన్నేళ్లలో ఇంత గర్వంగా నేను ఏ కాగితం మీదా ముద్ర వేయలేదు. ఆ మాట ఆమెతో అనేశాను కూడా. ఆమె పచ్చడి సీసాను మళ్లీ నా వైపు జరిపింది. ఈసారి కాదనలేదు.

"ఇంకో కాపీ చెయ్యండి," అంది.

"జర్మనీకి ఒకటి చాలు."

"ఇది జర్మనీకి కాదు. మా ఇంటి గోడకి."